బ్లూరేలో గోపాలకృష్ణయ్య మాట

ఆ డ్రైవ్ కోసం సాజిద్ నరసరావుపేటలో ఎక్కని కొట్టు లేదు. ఇప్పుడొచ్చే కంప్యూటర్లకు డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. పెళ్లి వీడియోలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసి చేతిలో పెట్టేస్తున్నారు. చివరికి గుంటూరులో పాత సామాన్ల వాడి దగ్గర ఒక బ్లూరే డ్రైవ్ దొరికితే కొనుక్కొచ్చి నాదెండ్ల ఊళ్లో ఉన్న పుల్లమ్మకు ఫోన్ చేశాడు. ఆమె తొలి బస్సుకే వచ్చి స్టూడియో ముందు దిగింది.

ఆమెకు కావలసింది ఒకే ఒక్క సంగతి. పదేళ్ల కిందట ఆమె భర్త గోపాలకృష్ణయ్య షష్టిపూర్తికి వీడియో తీసింది సాజిదే. రాత్రి భోజనాలకు ముందు ఆ పెద్దమనిషి మైకు పట్టుకుని పెళ్లాం గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. ముప్పై ఏళ్ల కాపురంలో పెళ్లాన్ని పేరుపెట్టి పిలవని మనిషి, ఊరందరి ముందూ మాట్లాడాడు. ఆ టైముకి పుల్లమ్మ ఎక్కడుంది? వంటవాళ్ల దగ్గర, పులిహోరలో ఉప్పు చూస్తూ ఉంది. విన్నవాళ్లు ఆమెను చూసి నవ్వారే గాని, ఏమన్నాడో సరిగ్గా చెప్పినవాళ్లు లేరు.

రోజంతా తీసిన వీడియో డీవీడీలో పట్టదు, నాలుగున్నర జీబీతో సరి దాని బతుకు. అందుకని సాజిద్ మైకులో మాట్లాడినవన్నీ కత్తిరించి డీవీడీ చేశాడు. మొత్తం వీడియోని మాత్రం ఇరవై అయిదు జీబీ పట్టే బ్లూరేలో వేసి, పైన దంపతులు దండలతో ఉన్న ఫొటో అచ్చేసి మరీ ఇచ్చాడు. పోటీకొచ్చిన హెచ్‌డీ డీవీడీ అప్పటికే అడ్రసు లేకుండా పోయింది. ఇక రాజ్యమంతా బ్లూరేదే అనుకున్నాడు పిచ్చి సన్నాసి. అనుకుని, హార్డ్‌డిస్కులో అసలు కాపీ చెరిపేసి ఇంకో పెళ్లికి చోటు చేసుకున్నాడు. బ్లూరే ప్లేయర్ పుల్లమ్మ ఇంట్లో కాదు గదా, ఊళ్లోనే లేదు.

మొగుడు బతికుండగా ఆమెకూ తొందర లేకపోయింది. "ఆ రోజు ఏమన్నావయ్యా?" అంటే, "బిళ్లలో ఉందిగా, చూసుకో" అని మీసం కింద నవ్వేవాడు. పోయిన వానాకాలం ఆ మనిషి పొలం నుంచి వచ్చి, మంచం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పుల్లమ్మ సంచిలోంచి డిస్కు తీసింది. సాజిద్ దాన్ని అందుకుని చూశాడు. ఫొటో మీద కుంకుమబొట్టు. తిప్పి చూస్తే అంచంతా గీతలు, గీతల్లో తెల్లటి పొడి.

"ఆయన పటం పక్కనే పెట్టుకున్నా అబ్బాయ్. రోజూ ఇత్తడి కుందులతో పాటు విబూదేసి రెండు పక్కలా తోముతున్నా. చూడు, ఎంత తళతళలాడతందో."

బ్లూరేలో రికార్డయిన రాత పైపొర కిందనే, వెంట్రుకవాసి లోతులో ఉంటుంది, తోమితే పోతుంది. ఆ ముక్క ఆమెకు చెప్పాల్సింది ఎప్పుడు? ఇచ్చిన రోజు. ఫొటో అచ్చేసి దేవుడి పక్కన పెట్టుకునేట్టు చేసింది తనేగా.

తుడిచి డ్రైవ్‌లో పెట్టాడు. డిస్కు తిరిగింది. టెంటు కనిపించింది, సన్నాయి వినిపించింది, కారంపూడి చుట్టాలు కారు దిగారు. పుల్లమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. రాత లోపలి నుంచి అంచుకు పోతుంది. ఆ మాటలు చివర్లో ఉన్నాయి. గోపాలకృష్ణయ్య మైకు అందుకున్నాడు, గొంతు సవరించుకున్నాడు. బొమ్మ ముక్కలై నిలబడిపోయింది.

సాజిద్ మళ్లీ తుడిచాడు. వేరే సాఫ్ట్‌వేర్ వేశాడు. వేగం తగ్గించాడు. ఎన్నిసార్లు పెట్టినా ఆయన గొంతు సవరించుకోవడమే గాని నోరు విప్పింది లేదు.

"ఏందయ్యా, ఆగింది?"

"పాతబడింది పిన్నీ. ఇంక రాదు."

తోమడం సంగతి అతని నోట రాలేదు. పుల్లమ్మ తెర మీద మొగుణ్ణి చూసింది. తర్వాత సాజిద్ వైపు తిరిగింది.

"నువ్వు ఆయన ముందరే నిలబడ్డావుగా, చెవులకి అయ్యి తగిలించుకోని. నువ్వు ఇన్నావుగా. ఏమన్నాడు?"

విన్నాడు. ప్రతి అక్షరం అందరికంటే స్పష్టంగా అతని చెవిలోనే పడింది. కానీ ఆ రోజు అతని ధ్యాసంతా సౌండు పగలకుండా చూడటం మీదా, బ్యాటరీ మీదా ఉంది. ఎంత తవ్వుకున్నా ఒక్క మాట దొరకలేదు.

"మంచిగానే అన్నాడు పిన్నీ," అన్నాడు.

"మంచిగానే అని ఉంటాడు, అది నాకూ తెలుసు. ఏమన్నాడు?"