ముందర ముప్పై, వెనక ఇరవై

మునుసామికి ‘తెలియదు’ అనే మాట చెప్పడమంటే ఊడని పన్ను పీకించుకున్నట్టే. ధర్మపురి నుంచి సేలం వెళ్ళే దారిలో, తొప్పూరు ఘాట్ మొదలయ్యే చోట అతని పంక్చర్ కొట్టు. ఆ ఉదయం బోర్లించిన గిన్నెలాంటి పాతకాలపు ఎర్ర రేసుకారొకటి అక్కడ ఆగింది. నడిపేది వినోదిని. తండ్రి ముచ్చటపడి దాచుకున్న కారును సేలంలో ఉన్న ఆయన దగ్గరికి తోలుకెళ్తోంది. ఆ తమిళ సీమలో మునుసామి, కొట్టు పక్కనే జామకాయలమ్మే అతని పెళ్ళాం తెలుగులో మాట్లాడుకోవడం వినగానే ఆమె ముఖం విప్పారింది.

“తాతా, గాలి చూడాల. ఎంత పెట్టాలో మెకానిక్కును అడిగి చెప్తా ఉండండి” అని ఫోను తీసింది.

“ఫోనెందుకమ్మణ్ణీ! ఇట్లాంటి బండికే నేను గాలి పట్టిస్తే ఒక జమీందారు ఈ ఘాటు మీద నుంచి ఎగిరి ఎక్కడో ఉండే హొగేనకల్ జలపాతంలో పడినాడు. బండి మునిగింది గానీ టైరులో గాలి దిగలే! ముందర ఇంజిన్ బరువు కదా, ముందర ముప్పై, వెనక ఇరవై.”

పకపకా నవ్వి ఫోను సంచిలో వేసుకుంది. గాలి పట్టించుకుని వెళ్ళిపోయింది.

మునుసామి పెళ్ళాం పచ్చయమ్మ జామకాయల బుట్ట సర్దుతూ అంది: “ఏమయ్యా, ఆ పిల్ల కాయలు కొనుక్కుంటే ముందర మూత ఎత్తి నేనే పెట్టినా. ఆడ గుడ్డల పెట్టె ఉండాది, ఇంజినే లేదు!”

“నీకేం తెలుసే” అనబోయాడు. అంటే, ఇంజిన్ వెనక ఉంది. బరువున్న అక్కడే తను గాలి తగ్గించాడు. ముందున్నవన్నీ దిగుడు మలుపులు. తన కోతలు నమ్మి ఫోను సంచిలో పెట్టేసిన ఆ పిల్ల చెయ్యే కళ్ళముందు ఆడింది.

కాలిపంపు మోపెడ్‌కు కట్టుకుని ఘాటు దిగాడు. ప్రతి మలుపులో ముందు లోయలోకి తొంగిచూశాడు. ఇన్నేళ్ళూ ఊరందరినీ నవ్వించిన ఆ జమీందారు ఎగురుడు ఇప్పుడు అతనికే నిజమయ్యేలా తోచింది.

ఎర్రకారు రోడ్డుకు అడ్డం తిరిగి, వెనక భాగం రోడ్డంచు పిట్టగోడకు రాసుకుని ఆగి ఉంది. వినోదిని గోడమీద కూర్చుంది.

“తాతా, మలుపులో వెనక విసిరేసింది. నాదే తప్పు, జోరుగా తిప్పినాను. మీరు గాలి సరిగ్గా పెట్టబట్టి బతికినాను.”

మునుసామి ఊఁ అంటే చాలు. తల అప్పుడే సగం ఊగింది కూడా.

“లేదమ్మణ్ణీ. గాలి తలకిందులుగా పెట్టినాను. ఇట్లాంటి బండిని నేను మొదటిసారి చూసింది ఈ పొద్దే.”

ఆమె నీరసంగా నవ్వింది. “నన్ను ఓదార్చేకి ఇంకో కథా తాతా?”

చెంప పగలగొట్టినా అంత తగిలేది కాదు. “మెకానిక్కుకు ఫోన్ చెయ్యి తల్లీ. నా ముందరే చెయ్యి.”

ఆమె సంగతి చెప్పగానే ఫోన్లో మెకానిక్ గొంతు రోడ్డంతా వినబడింది. “ముందర ఇరవై, వెనక ముప్పై! తిప్పి పెట్టిన ఆ మడయన్, ఆ బుద్ధిలేనోడు ఎవడమ్మా?”

వినోదిని నవ్వు ఆగిపోయింది. మునుసామి ఫోను దగ్గరికి వంగాడు.

“నేనే సామీ. మునుసామి నా పేరు. తిట్టండి, వింటా ఉంటాను.”

అని ముందు చక్రం దగ్గర కూలబడి గాలి వదలసాగాడు. మెకానిక్ తిడుతూనే ఉన్నాడు. ఆ అమ్మాయి ఫోను అతని పక్కన నేలమీద పెట్టి, మోపెడ్‌కు కట్టిన కాలిపంపు విప్పసాగింది.