పూనకం కాదు

బట్టలు కుట్టే షెడ్డులో మాలిస్ తన ఫోటో కిందే కూలిపోయింది. "ఈ నెల మేటి కార్మికురాలు" అని ఫోటో కింద బంగారు రంగు అక్షరాలు. పైన పెనంలా కాలే రేకులు. బట్టలు దొంగతనంగా బయటికి పోతాయని మేకులు కొట్టి మూసేసిన కిటికీలు. "కాస్త గాలి... తలుపు తీయండ్రా" అని అడుగుతూనే ఉంది పాపం. ఆసుపత్రి చేరకముందే ప్రాణం పోయింది.

ఫోటోని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. పక్క మిషను మీద కుట్టే చంతూకి పొద్దస్తమానం వెనకనుంచి ఎవరో చూస్తున్నట్టే ఉండేది. తిరిగి చూస్తే మాలిస్ నవ్వు.

ఆ వారమే అమ్మాయిలు వరసగా స్పృహ తప్పారు. ఒకామెకు నేలతాత పూనాడు. ఆ నేలను కాచే దేవుడాయన. "నన్నడక్కుండా నా నెత్తిన మిషన్లు పెడతారా?" అని గర్జించాడు. మేనేజరు పరుగున వచ్చి మోకరిల్లాడు. కాల్చిన కోడి, అగరొత్తులు, పళ్ళు పెట్టి లెంపలేసుకున్నాడు. మర్నాడు మిషన్లు మళ్ళీ మోగాయి. కిటికీలు మాత్రం అలాగే ఉన్నాయి.

తర్వాత పనివాళ్ళకు పాఠం చెప్పడానికి నగరం నుంచి ఓ కుర్ర పంతులు దిగాడు. పనిలో ఉత్సాహం పెంచే శాస్త్రమట! బోర్డు మీద మెట్లు గీశాడు.

"మనిషి అవసరాలు ఇలా మెట్లు మెట్లుగా ఉంటాయి. కింద తిండి, పైన భద్రత, ఆ పైన గౌరవం..."

"గాలి ఏ మెట్టు మీదుంది సార్?" కుట్టేవాళ్ళలో పెద్దదైన కోలాప్ అక్క అడిగింది.

అందరూ నవ్వారు. పంతులూ నవ్వాడు. "అన్నిటికంటే కింది మెట్టమ్మా. అది మీకెప్పుడో అందే ఉంటుంది. అయినా గాలీ జీతమూ పెంచితే గొణుగుడు తగ్గుతుందంతే, ఉత్సాహం రాదు. ఉత్సాహం మెచ్చుకోలుతోనే వస్తుంది."

అంటే ఫ్యాన్ల బదులు మెచ్చుకుంటారన్నమాట! మాలిస్‌నీ అలాగే మెచ్చుకున్నారు.

ఆ రోజే మేనేజరు చంతూని పిలిచాడు. "వచ్చే నెల ఫోటో నీదే. సూపర్‌వైజర్‌ని కూడా చేస్తా." చంతూకి గోడమీది ఫోటో కళ్ళముందు మెదిలింది. ఆ చట్రంలోంచి మాలిస్‌ని తీసి తనను పెడతారు. ఆ తర్వాత?

మధ్యాహ్నం గేటు ముందు అన్నం బండి దగ్గర అందరూ చేరారు.

"ఫ్యాను అడిగిందని మన వరసలో కుట్టే సొవాన్‌ని పన్లోంచి గెంటేశారు. అదే తాత పూనితే కాళ్ళమీద పడ్డారు," కోలాప్ అక్క ఉమ్మేసింది. "మనిషి మాట వీళ్ళ చెవికెక్కదు. రేపు ఎవరో ఒకరం పూనినట్టు ఊగుదాం. తాత పేర కిటికీలు తీయమందాం."

"తాతతో ఆటలా అక్కా? కళ్ళు పోతాయ్!" అంది థీడా. ఉత్త పిరికిపిల్ల.

"ఊపిరే పోతుంటే కళ్ళ గోలేంటే?"

అందరూ చంతూ వైపు చూశారు. మేనేజరుకి ఆమె మీద నమ్మకం మరి. చంతూ సరేనంది.

మర్నాడు ఎండ ముదిరాక జుట్టు విరబోసుకుని కేక పెట్టింది. మిషన్లు ఆగాయి. మేనేజరు వచ్చి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"ఏం కావాలి తాతా? చెప్పు, ఏదైనా ఇస్తాం."

ఒక్క మాట చాలు. కానీ చంతూ వీపు మీద ఆ చూపు మళ్ళీ పడింది. మాలిస్ తన నోటితోనే గదా అడిగింది, ఎవడు విన్నాడు? ఇవాళ తాత అడిగితే తీస్తారు, రేపు మళ్ళీ మేకులు కొడతారు. మళ్ళీ అడగాలంటే ఇంకో పూనకం రావాలా?

ఆమె జుట్టు ముడేసుకుంది.

"తాత కాదు సార్. నేను చంతూని. కిటికీలు తీయండి."

మేనేజరు లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. మొహం కందిపోయింది.

"పూనకం లేకుండానే ఇంత నోరా? పోలీసుల్ని పిలవండి!"

"నేనూ అడుగుతున్నా సార్." లేచింది ఎవరో కాదు, థీడా! "నాకూ ఎవరూ పూనలేదు."

వరసలు వరసలుగా స్టూళ్ళు జరిగిన చప్పుడు.

గేటు బయట చంతూని జీపెక్కిస్తూ ముసలి పోలీసు భయంభయంగా గొణిగాడు. "నిజం చెప్పమ్మా. ఒంటిమీద ఎవరున్నారు?"

"ఎవరూ లేరు బాబాయ్. నేనే."

ఇన్నాళ్ళూ ఆ గేటులోంచి పని మధ్యలో ఆడవాళ్ళను మోసుకొచ్చేవాళ్ళు. ఇవాళ షెడ్డు షెడ్డంతా తన కాళ్ళతో నడిచొచ్చింది. కోలాప్ అక్క మొదలు అందరూ జీపు చక్రాలకు అడ్డంగా కూచున్నారు.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ లేవలేదు.