డాబా నిండా ఎండ

మిట్టమధ్యాహ్నం మామగారి ఆక్సిజన్ మిషన్ కీచుమని అరిచి ఆగిపోయింది. కరెంటు పోయింది. కోడలు మొదట కంగారుపడలేదు. డాబా నిండా సోలార్ పలకలున్నాయి, నెత్తిన నిప్పులు చెరిగే ఎండ ఉంది. స్విచ్ నొక్కింది. మళ్లీ నొక్కింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మూలనున్న చిన్న ఆక్సిజన్ సిలిండర్ గొట్టం మామగారి ముక్కుకు తగిలించి, పలకలు బిగించిన మెకానిక్‌కు ఫోన్ చేసింది.

"వీధిలో లైన్ పోతే మీదీ ఆగిపోతుందమ్మా," అన్నాడతను తాపీగా. "లేదంటే మీ కరెంటు తీగల్లోకి ఎక్కి, స్తంభమెక్కి బాగుచేసేవాడి ప్రాణం తీస్తుంది."

"మరి ఇంత ఎండని ఏం చేసుకోను?"

"బ్యాటరీ ఉంటే దాచుకునేవారు. దండగన్నారు కదా మీరే."

అన్న మాట నిజమే. పలకలొచ్చిన రోజే పాత ఇన్వర్టర్ని బ్యాటరీతో సహా పాతసామాన్లవాడికి ఇచ్చేసి చేతులు దులుపుకుంది. అంతటితో ఆగిందా? పలకల మీద నీడ పడుతోందని పక్కింటి పిన్నిగారి చెట్టు కొమ్మలు దగ్గరుండి కొట్టించింది. "ఇంకా ఆ బ్యాటరీకి నీళ్లు పోసుకుంటూ కూర్చుంటారా పిన్నీ?" అని నవ్వింది కూడా. ఆనాటి నుంచి కోడలు కనబడితే ఆవిడ ముఖం తిప్పుకుంటోంది.

అంబులెన్స్‌కు ఫోన్ చేస్తే వస్తోందన్నారు, ఎప్పటికో చెప్పలేదు. సిలిండర్ ముల్లు ఎర్రగీత మీదికి జారింది. మామగారి పెదవులు నల్లబడుతున్నాయి.

కోడలు వంటింటి కిటికీ తెరిచింది. "పిన్నీ! మీ కాళ్లు పట్టుకుంటాను. మామయ్యగారికి ఊపిరాడటం లేదు!"

అవతలి కిటికీ తెరుచుకుంది. "ఏం, సూర్యుడు సెలవు పెట్టాడా?"

"తప్పయిపోయింది పిన్నీ. మీ ఇన్వర్టర్ నుంచి ఒక్క వైరు..."

"తప్పుల సంగతి తర్వాత తేల్చుకుందాం. ముందు ఇది పట్టుకో. నీ ధర్మమా అని అడ్డం కొమ్మ కూడా లేదు."

ఎక్స్‌టెన్షన్ వైరు మొదటిసారి అందలేదు, గోడకు కొట్టుకుని కిందపడింది. రెండోసారి కోడలు నడుం దాకా బయటికి వంగి దొరకబుచ్చుకుంది.

మిషన్ మూలిగి, తిరగడం మొదలుపెట్టింది. కాసేపటికి మామగారు కళ్లు తెరిచారు. "మన పలకల కరెంటేనా అమ్మా?"

కోడలు కిటికీలోంచి వచ్చిన వైరు వైపు చూపించింది.

"మా బ్యాటరీ కూడా మీ మామగారి ఈడుదే," అంది పిన్నిగారు, అట్టముక్కతో విసురుకుంటూ. "ఫ్యాన్లూ లైట్లూ అన్నీ ఆపేశాను. ఎంతసేపు లాగుతుందో చెప్పలేనే తల్లీ."

వీధి చివర లైన్ బాగుచేయడానికి స్తంభమెక్కిన మనిషి ఇంకా దిగలేదు. అంబులెన్స్ జాడ లేదు. డాబా మీద ఎండ ఫెళఫెళలాడుతోంది.

మిషన్ ఒక్కసారి తడబడి, మళ్లీ అందుకుంది. కిటికీల దగ్గర నుంచి ఇద్దరూ కదల్లేదు.