ఎడమ రెక్క

కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా వంగితే తప్ప బర్నబాస్‌కు స్టీలు స్కేలు మీది గీతలు కనపడవు. వంగి చూశాడు. పెట్టె మీద రెక్కల పొడవు యాభై నాలుగు అంగుళాలని అచ్చువేశారు. కొలిస్తే యాభై మూడున్నర ఉంది. అమ్ముకునేవాళ్ళకు అర అంగుళం అబద్ధం ఒక లెక్క కాదు. ఆయన చూపుడువేలు ఒక్కదానితో ల్యాప్‌టాప్‌లో 53.5 అని కొట్టి, పక్కన 'కొలిచి చూసినది' అని చేర్చాడు.

మదనపల్లెలో మిషన్ కాంపౌండు వెనక వీధిలో, రెండు గదుల అద్దె ఇంట్లో మూడేళ్ళుగా ఇదే పని. బెంగుళూరులో ఉండే ప్రకాష్ బాబుకు రేడియోతో ఎగరేసే బుల్లి విమానాలంటే పిచ్చి. మన దేశంలో అలాంటి విమానాల కిట్లు ఎవరెవరు తయారుచేశారో అన్నీ ఇంటర్నెట్‌లో ఒకచోటికి చేర్చాలని ఆయన పట్టుదల. పాత పెట్టె ఎక్కడ దొరికినా కొని బర్నబాస్‌కు పంపుతాడు. ఈయన విప్పి, ముక్కలు లెక్కపెట్టి, కొలిచి, ఫోటో తీసి, ఫారం నింపి, మళ్ళీ పురికొసతో కట్టి వెనక్కి పంపుతాడు. ఇప్పటికి దీంతో కలిపి మూడు వందల పన్నెండు కిట్లు ఎక్కాయి. చూసేవాళ్ళు రోజుకు పదిమంది కూడా లేరని ప్రకాష్ బాబే ఒకసారి నవ్వుతూ చెప్పాడు.

పదిమంది చాలు బర్నబాస్‌కు. ముప్పై మూడేళ్ళు స్కూలు ల్యాబులో గాజునాళికలు కడిగి రిటైరైన మనిషి. ఆ నాళికలతో చదువుకున్న పిల్లలు డాక్టర్లయ్యారు, ఇంజనీర్లయ్యారు. బజారులో ఎదురైతే 'ల్యాబ్ సార్' అంటారు. ఆయనకు ఒక పేరుందని వాళ్ళలో ఒక్కడికీ గుర్తులేదు. ఈ ఫారంలో మాత్రం 'డిజైనర్' అని ఒక గడి ఉంది. తాను గీసిన ఒకే ఒక్క విమానం ఏదో ఒక రోజు ఇక్కడికి రాకపోదని, అప్పుడు ఆ గడిలో తన పేరు తానే కొట్టుకోవచ్చని, ఆ ఆశతోనే ఆయన ఈ పనికి ఒప్పుకున్నాడు. చెబితే విమల నవ్వుతుంది. అందుకని భార్యకు కూడా చెప్పలేదు.

అది వచ్చింది. వచ్చి తొమ్మిది రోజులైంది. గోడవారన, తువ్వాలు కప్పి ఉంది.

తొమ్మిదింటికి ప్రకాష్ బాబు ఫోన్ చేశాడు.

"అంకుల్, ఆ కుప్పం పెట్టె ఎక్కించినారా?"

"ఈ పొద్దు ఎక్కిస్తానప్పా."

"దాంట్లో ఆలోచించేదేముండాది? లోపం ఏందో చీటీలోనే రాసిపెట్టినారు గదా. కోత అని నొక్కేయండి."

బర్నబాస్ తువ్వాలు తీశాడు. పెట్టె మీద ఆయన చేతిరాతే: హార్స్లీ 60. అట్ట పసుపెక్కింది. దాని మీద కుప్పం ట్రైనింగ్ స్కూలు వాళ్ళు అంటించిన చీటీ చెక్కుచెదరలేదు. 'డిజైను ఉత్తమం. ఎడమ రెక్క కోత లోపం. వాడరాదు.' ఆ స్కూలు మూతపడి ఇరవై ఏళ్ళు దాటింది. చీటీ మాత్రం బతికే ఉంది.

తొంభై నాలుగులో ఆ స్కూలు, పిల్లలకు ఎగరేయడం నేర్పడానికి నలభై కిట్లు కావాలని బర్నబాస్‌ను అడిగింది. గడువు నెల. రెక్క లోపల వరుసగా నిలబడే పలచని చెక్కముక్కలను రిబ్బులంటారు. రెక్కకు పన్నెండు. ఒక్క వడ్రంగితో అయ్యే పని కాదని, కుడి రెక్క రిబ్బులు మదనపల్లెలో బైరప్పకు, ఎడమ రెక్కవి పుంగనూరులో గఫూర్‌కు అప్పజెప్పాడు బర్నబాస్. అసలు డ్రాయింగ్ బైరప్ప దగ్గర ఉంది. గఫూర్‌కు దాని జిరాక్స్ ఇచ్చాడు. కుప్పంలో, స్కూలు గ్రౌండులో, మొదటి విమానం లేచీ లేవగానే ఎడమకు ఒరిగి నేలను కొట్టుకుంది. రెండోదీ అంతే. మూడోది ఎగరేయలేదు. విప్పి చూస్తే బైరప్ప కోసిన రిబ్బు పదకొండు అంగుళాలు, గఫూర్ కోసింది పదీముప్పావు. తప్పెవరిదో చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. "డ్రాయింగ్ బ్రహ్మాండంగా ఉంది బర్నబాస్, ఆ సాయబే చెడగొట్టాడు" అని స్కూలు పెద్దాయన అందరిముందూ భుజం తట్టాడు. బర్నబాస్ జన్మలో ఎవరైనా భుజం తట్టింది అదొక్కసారే.

ఎనిమిది రోజుల తర్వాత, తన దగ్గరున్న రెండో జిరాక్స్‌ను, బైరప్ప తిరిగిచ్చిన అసలు డ్రాయింగ్ మీద పెట్టి కిటికీ అద్దానికి ఆనించాడు. గీత మీద గీత పడలేదు. జిరాక్స్ మిషను కాగితాన్ని కాస్త కుదించి ఇచ్చింది. గఫూర్ ఆ కాగితాన్ని వెంట్రుకవాసి కూడా తప్పలేదు. ఇచ్చేముందు ఒక్కసారి స్కేలు పెట్టి చూడాల్సింది బర్నబాస్. చూడలేదు. ఆ జిరాక్స్‌ను పొయ్యిలో పెట్టాడు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు కాస్తా నెలైంది, నెల ఏడాదైంది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే ఏం చెప్పాలన్నదే చివరికి పెద్ద అడ్డంకి అయింది. నిజానికి ఆ భుజం మీది చెయ్యిని వదులుకోలేకపోయాడు, అంతే.

ఫారం తెరిచాడు. లోపానికి కారణం గడిలో నాలుగే మాటలున్నాయి: డ్రాయింగ్, కోత, కలప, రవాణా. ఒకటి నొక్కందే ఫారం ముందుకు కదలదు. డిజైనర్ గడిలో బర్నబాస్ అని కొట్టాడు. మూడేళ్ళు ఎదురుచూసిన పేరు తెరమీద కనబడింది. దాని కిందనే 'డ్రాయింగ్' అని నొక్కాలి. వేలు ముందుకు పోలేదు.

విమల వాకిట్లోంచి లోపలికొస్తూ, "గఫూర్ సాయబును ఆస్పత్రోల్లు ఇంటికి పంపించేసినారంట. ఇంక ఏమీ లేదన్నారంట. పోయి సూసి రాకూడదా?" అంది.

ఆయన ల్యాప్‌టాప్ మూశాడు. పదకొండు గంటల బస్సెక్కాడు.

పుంగనూరు దాకా మూడు ముక్కలు వల్లెవేసుకుంటూ పోయాడు. తప్పు నీది కాదు. కాగితం చిన్నదిగా వచ్చింది. నాకు అప్పుడే తెలుసు. మొదటి రెండూ సాఫీగానే వచ్చాయి. మూడోదాని దగ్గర ప్రతిసారీ ఆగి, మళ్ళీ మొదటిదాని నుంచి ఎత్తుకున్నాడు.

సందు మొదట్లో టైర్లకు పంక్చర్లు వేసే ఆయన్ని అడిగాడు. "గఫూర్ ఇల్లు యాడప్పా?"

"ఏ గఫూరు?"

"కార్పెంటరు."

"ఈడ కార్పెంటర్లు శానామంది ఉండారే."

చెప్పక తప్పలేదు. "వంకర గఫూర్."

"అట్ల చెప్పు మరి. ఆ నీలం తలుపు."

కుప్పంలో విమానాలు కూలిన ఏడు పుట్టిన పేరది. తెలుగువాళ్ళకు వంకర గఫూర్, సాయబులకు టేడా గఫూర్. మనిషి వంకర కాదు, చెయ్యి వంకర అని. ఇంటికి వెళ్ళడానికి బర్నబాస్‌కు కూడా ఆ పేరే దారి చూపించింది.

గఫూర్ మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, తెల్లగడ్డం ఒక్కటే నిండుగా ఉంది. దుప్పటి మీద రెండు చేతులూ పనిముట్లు పక్కన పెట్టినట్టు విడివిడిగా పడున్నాయి. బొటనవేలి గోరు నడిమికి చీలి, ఎప్పటి గాయమో, అలాగే పెరిగింది. కూతురు జువేరియా కుర్చీ వేసింది.

"ఎట్లుండావు గఫూర్ భాయ్?"

"ఉండాను సార్. మీరు వస్తారనుకోలేదు."

"ఆ కుప్పం కిట్ల సంగతి..." అని మొదలుపెట్టాడు బర్నబాస్.

గఫూర్ చెయ్యి లేచింది. "అదే సార్. నేనే సెప్పాల. నా సెయ్యి తప్పింది. మీకు సెడ్డపేరు తెస్తిని. మదనపల్లెకు వచ్చి మీ కాళ్ళు పట్టుకుందామని ఎన్నోతూర్లు అనుకుంటి. మొగం సెల్లలేదు."

"అది కాదు భాయ్..."

"కాగితం పెట్టే కోసినా సార్. ఎట్ల తప్పిందో ఈ పొద్దుకీ తెలీదు. ఆ యేటి నుంచి సన్నపని ముట్టలేదు. మంచంకోళ్ళు, బడి బెంచీలు, అంతే. నా సెయ్యిని నేనే నమ్మలేకపోతి." ఊపిరి అందక ఆగాడు. "మాఫ్ సేయండి సార్."

జువేరియా గుమ్మం దగ్గర నిలబడి, "నాలుగు దినాల నుంచి అందరినీ పిలిపించుకుని మాఫీ అడగతాండాడు సార్. మీరొక్కరే మిగిలిండారు," అంది.

మూడు ముక్కలూ నోట్లోనే ఉన్నాయి. చెప్పడానికి ఆ గదిలో అడ్డం ఏమీ లేదు. గఫూర్ కళ్ళు ఆయన మొహాన్ని వదలడం లేదు, ఇస్తారా ఇవ్వరా అన్నట్టు.

"పోనీలే గఫూర్ భాయ్," అన్నాడు బర్నబాస్. "మాఫ్ చేసినాను."

ఎంత సులువుగా వచ్చిందో ఆ మాట. ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి మా అపరాధములు క్షమించమని అడిగే మనిషి, ఎదుటివాడికి లేని అపరాధాన్ని అంటగట్టి, దాన్ని పెద్దమనసుతో క్షమించేశాడు. పోయే ప్రాణాన్ని ఇప్పుడు కలతపెట్టడమెందుకని తనకు తాను చెప్పుకున్నాడు. అది అబద్ధమని కుర్చీలో కూర్చున్నప్పుడే ఆయనకు తెలుసు.

గఫూర్ కళ్ళు మూసుకుని నవ్వాడు. "జువేరియా, అది తే."

ఆమె పాత లుంగీగుడ్డలో చుట్టిన పొట్లం తెచ్చింది. లోపల పన్నెండు రిబ్బులు, పచ్చదారంతో కట్టి ఉన్నాయి. అంచులు గాజులా నున్నగా ఉన్నాయి.

"మల్లా కోసినా సార్. పోయిన రంజాన్‌కు ముందర, సెయ్యి వణకకముందు. ఆ కాగితం నా కాడనే ఉండె. దాన్నే పెట్టి కోసినా. ఈతూరి తప్పుండదు."

బర్నబాస్ పొట్లం తీసుకున్నాడు. జువేరియా ఫోన్ నంబరు అడిగితే చెప్పాడు. లుంగీగుడ్డ మళ్ళీ చుట్టి బయటికొచ్చాడు.

బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చున్నాడు. మదనపల్లె బస్సు వచ్చింది, పోయింది. ఇంకోటి వచ్చింది, అదీ పోయింది. ఎండ వాలుతున్నప్పుడు ఒక టీ తాగాడు. గ్లాసు పెట్టేసి, వెనక్కి పోయి చెప్పేస్తాను, ఏమైతే అదవుతుంది అనుకుని లేచాడు. నిజంగానే లేచాడు. పొట్లం చంకలో పెట్టుకుని రోడ్డు దాటాడు.

మసీదు మైకు గరగరలాడింది. మొదట ఉర్దూలో, తర్వాత తెలుగులో చెప్పారు. టేడా గఫూర్ భాయ్ చనిపోయాడు, రాత్రి నమాజు తర్వాత మట్టి చేస్తారు. ఊళ్ళో గఫూర్లు పదిమంది ఉంటారు. ఏ గఫూరో తెలియాలంటే ఆ పేరుతోనే చెప్పాలి.

ఆయన అక్కడే రోడ్డుపక్కన నిలబడ్డాడు. మూడో బస్సు వచ్చి ఎదురుగానే ఆగింది. ఎక్కాడు.

ఊరు దాటాక ఫోన్ మోగింది. జువేరియా.

"సార్, మా అబ్బా పోయినాడు. మీరు వచ్చిపోయినంక శానా నిమ్మళంగా ఉండె. కడాకు మీ పేరే సెప్పినాడు. మీ మేలు మరిసిపోలేము సార్."

"సరేమ్మా," అన్నాడు బర్నబాస్. ఇంకేదైనా అన్నాడేమో గుర్తులేదు. పక్కసీటులో ఉన్నామె కిటికీ మూస్తారా అని అడిగితే మూశాడు.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టారు. "ఎట్లుండాడు?" అంది విమల. చెప్పాడు. ఆమె "మంచిపని సేస్తివి, కడసారి సూస్తివి," అని లోపలికెళ్ళి కంచం పెట్టింది. తినాలనిపించలేదు.

పొట్లం విప్పాడు. స్కేలు తీశాడు. మొదటి రిబ్బు పదీముప్పావు. రెండోది పదీముప్పావు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ఒక్కొక్కటే కొలుస్తూ పోయాడు. పన్నెండోదాని దగ్గర చూపు మసకబారితే చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ కొలిచాడు. ముప్పై ఏళ్ళ తర్వాత, డెబ్బై రెండేళ్ళ వయసులో, చావుకు ముందు కోసినా ఆ చెయ్యి ఆ కాగితాన్ని తప్పలేదు. దాన్ని నమ్మవద్దని ఆ మనిషికి నేర్పింది తాను. ఇవాళ మధ్యాహ్నం మాఫ్ చేశానన్న మాటతో ఆ పాఠం పూర్తిచేసి వచ్చాడు.

ల్యాప్‌టాప్ తెరిచాడు. ఫారం పొద్దున వదిలినచోటే ఉంది. లోపానికి కారణం గడిలో 'డ్రాయింగ్' నొక్కాడు. ఈసారి వేలు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడగడానికి ఇక గఫూర్ లేడు. తర్వాత పైన డిజైనర్ గడి చూశాడు. తన పేరును చాలాసేపు చూశాడు. ఆ పేరు అక్కడుంటే రేపు ప్రకాష్ బాబు ఫోన్ చేస్తాడు. అదేంది అంకుల్, ఇది మీరే గీసినారా, మరి ఆ తప్పు మీదేనా అంటాడు. ఒక్కొక్క అక్షరమే వెనక్కి చెరుపుకుంటూ వచ్చి, ఆ గడిలో 'తెలియదు' అని కొట్టాడు. కోసినవాడి పేరు రాయడానికి ఫారంలో గడే లేదు.

నమోదైందని తెరమీద వచ్చింది. మూడు వందల పదమూడు.

దీపం ఆర్పి లేచాడు. బల్ల మీద స్కేలు పక్కన పన్నెండు రిబ్బులు మిగిలాయి, ఒకదాని మీద ఒకటి పేర్చితే ఒకే చెక్క అనిపించేంత సమానంగా.