వదిన కోరపళ్ళు

మా వదిన నోట్లో నాలుక లేని మనిషి. కోరపళ్ళు మాత్రం ఉన్నాయి, పైన రెండూ ముందుకు పొడుచుకొచ్చి. ఫోటోల్లో బాగుండటం లేదని, ఆ రెండూ పీకించి కట్టుడు పళ్ళు పెట్టించాలని మా అన్నయ్య తీర్మానించాడు. పళ్ళు ఆవిడవి, తీర్మానం ఆయనది. నేను పనిచేసే పళ్ళ ఆసుపత్రిలోనే శుక్రవారానికి టైము తీసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ అన్నయ్య దగ్గర నా మాట ఏనాడు చెల్లింది గనక!

అదే వారంలో మా చెల్లి దయ్యాల సినిమా తీస్తోంది. కథా తనదే. నవ్వితే తప్పు, అరిస్తే తప్పు అనిపించుకున్న ఒక ఇల్లాలికి ఎడమవైపు పైనా కిందా కోరలు మొలుస్తాయి. ఆ కోరలు చేయించడానికి హీరోయిన్ పళ్ళ అచ్చు నేనే తీసిచ్చాను. ఏ పళ్ళ మీద తొడగాలో మాత్రం చెల్లి నన్నడక్కుండా ఇంటర్నెట్‌లో చూసి, “పదకొండు, ఇరవై రెండు” అని ల్యాబుకి రాసి పంపింది. అక్కడే పప్పులో కాలేసింది. తను చూసిన పద్ధతిలో పళ్ళని ఒకటి నుంచి ముప్పై రెండు దాకా వరసగా లెక్కపెడతారు. ఆ లెక్కలో అవి ఎడమ కోరపళ్ళే. మేం నోటిని నాలుగు భాగాలు చేస్తాం. మొదటి అంకె భాగానిది, రెండోది పంటిది. మా లెక్కలో పై కోరపళ్ళు పదమూడు, ఇరవై మూడు; పదకొండు, ఇరవై రెండు అంటే పైన ముందుపళ్ళు. ల్యాబువాళ్ళదీ మా లెక్కే కాబట్టి కోరలు రెండూ ముందుపళ్ళకి చేసి పంపారు. పెట్టుకుంటే హీరోయిన్ దయ్యంలా లేదు, కుందేలులా ఉంది.

షూటింగులో అందరూ పడీపడీ నవ్వారు, చెల్లి తప్ప. హీరోయిన్ దుస్తులు కుట్టిపెట్టడానికి వచ్చిన వదిన కూడా నవ్వింది. చెల్లి ఆవిడ నోటివంకే చూసింది.

“వదినా, నీ నోరొక్కటి చాలు. మొహం చూపించను. ఒక్కసారి అరువు, అంతే.”

“నాకు అరవడం రాదే.”

“అన్నయ్యని తలుచుకో, అదే వస్తుంది,” అన్నాను నేను.

వచ్చింది. లైటు పట్టుకున్న మనిషి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తర్వాత తెరమీద తన నోటిని వదిన మళ్ళీ మళ్ళీ వేయించుకుని చూసింది. “ఇంత బాగున్నాయేంటి ఇవి!” అంది. నాకు ఏడుపొచ్చింది.

శుక్రవారం డాక్టరుగారు వదిన నోట్లో అద్దం పెట్టి అంకెలు చెబుతుంటే నేను రాస్తున్నాను.

“పదమూడు, ఇరవై మూడు గట్టిగానే ఉన్నాయమ్మా. నిజంగా తీసేయమంటారా?”

“తీసేయండి,” అన్నాడు పక్కనే నిలబడ్డ అన్నయ్య.

వదిన అద్దాన్ని చేత్తో పక్కకి తోసి లేచి కూర్చుంది.

“నన్నడగండి డాక్టరుగారూ.”

“మిమ్మల్నే అడుగుతున్నానమ్మా.”

“వద్దు. ఉంచేయండి.”

అన్నయ్య మొహం కందగడ్డలా అయింది. “ఇంటికి పద, అక్కడ మాట్లాడుకుందాం.”

“ఇంట్లో ఇన్నేళ్ళూ మీరొక్కరే మాట్లాడారు. నేను ఇక్కడే మాట్లాడతాను,” అంది వదిన. “కూర్చోండి.”

అన్నయ్య కూర్చున్నాడు.