కారవాన్‌లో కాశీ చెంబు

నేను ఒక కాశీ చెంబుని. ఈ మాట వినగానే చేతులు జోడించకండి. అలా జోడించీ జోడించీ నన్ను పాడు చేశారు. జానెడు కూడా ఉండను. రాగి ఒళ్లు, సన్నటి మెడ, మెడ మీద టంకం వేసి బిగించిన మూత. ఇరవై రెండేళ్ల పాటు నేను చేసిన పని, ఏ పనీ చేయకపోవడం. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు లేరని ఒకప్పుడు తెగ మురిసిపోయేదాన్ని.

పుట్టింది కాశీలో, రెండు సైకిళ్లు ఎదురైతే ఒకటి వెనక్కి వెళ్లాల్సినంత ఇరుకు సందులో. నన్ను చేసిన ముసలాయన చాలా నెమ్మదస్తుడు. సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి, ఒకసారి టీ తాగి, మళ్లీ నాలుగు దెబ్బలు కొట్టేవాడు. నా నడుము దగ్గర చిన్న సొట్ట ఉంది, అది టీ చల్లారిపోయిందన్న కోపంలో పడ్డ దెబ్బ. తర్వాత ఒక దుకాణదారు నన్ను బకెట్లో ముంచి, మూత పెట్టి, టంకం వేశాడు. ఆ బకెట్టు నిండింది ఘాట్‌లోనా, దుకాణం వెనకున్న చేతిపంపు దగ్గరా అన్నది నాకు తెలుసు. చెప్పను. ఎంతైనా నాకూ ఒక హోదా ఉంది.

యాత్ర బస్సులో వచ్చిన మాణిక్యాంబ గారు నన్ను కొని అమలాపురం తెచ్చారు. దేవుడి గూట్లో పెట్టారు. పిల్లలు పరీక్షలకి వెళ్తూ నాకు దణ్ణం పెట్టేవారు. పాసైతే నా గొప్ప, తప్పితే వాళ్ల బద్ధకం. ఒకసారి పక్కింటి పోస్టుమాస్టరు గారికి ఆఖరి ఘడియలని చెప్పి నన్ను పరుగున మోసుకెళ్లారు. నా మూత కోయడానికి రేకులు కత్తిరించే కత్తెర తీశారో లేదో, ఆయన కళ్లు తెరిచి, “ఇంట్లో కాఫీ అనేది ఉందా?” అని అడిగారు. అంతే, నా మహిమ వీధంతా పాకింది. నిజానికి ఆయన్ని లేపింది కత్తెర చప్పుడు. నేనేమీ ఖండించలేదు. నోరు బిగించి ఉన్నదాన్ని, ఎలా ఖండించను?

మాణిక్యాంబ గారి మనవరాలు కుముదకి పెళ్లయింది. అబ్బాయి పేరు ఫణీంద్ర. ఇద్దరూ లాప్‌టాప్ ముందు కూర్చుని పనిచేసుకునేవాళ్లే, ఎక్కడైనా కూర్చోవచ్చు. అందుకని ఒక పాత వ్యాను కొని, అందులో మంచం, పొయ్యి, సింకు, నీళ్ల ట్యాంకు, ఆఖరికి వేణ్ణీళ్ల గీజరు కూడా బిగించి కారవాన్ చేశారు. బంధువులంతా దాన్ని బండి అన్నారు. కుముద మాత్రం పట్టుపట్టి ఇల్లు అనేది. ఎవరైనా “మీ బండి” అంటే ఆమె ముక్కు ఎర్రబడేది. బయల్దేరేముందు అమ్మమ్మ నన్ను ఆమె ఒళ్లో పెట్టి, “ఇల్లెక్కడుంటే ఇదక్కడుండాలి” అంది. పైకి అనలేదుగానీ, ఆవిడ చూపు చక్రాల మీదే ఉంది.

అలా ఊళ్లు తిరుగుతూ హిమాచల్‌లో లాహౌల్ లోయ దాకా వచ్చాం. అక్కడ మాకొక మనవాడు దొరికాడు. పేరు అప్పలస్వామి, శ్రీకాకుళం మనిషి. సైన్యంలో లారీలు నడిపి, రిటైరయ్యాక ఆ చలికే అలవాటుపడి, అక్కడే బళ్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు. ఆయన పెరట్లో కారవాన్ ఆపుకుని మా జంట రెండు నెలలు కాపురం చేశారు. పొద్దున్నే కిటికీ తీసి మంచుకొండలకి టీ కప్పు ఎత్తి చూపించడం, ఒకే శాలువాలో ఇద్దరూ దూరి పళ్లు తోముకోవడం, ఇవన్నీ కారవాన్‌లో నాకు అమర్చిన గూట్లోంచి చూశాను. పవిత్రమైన వస్తువులు చూడకూడనివి కొన్ని ఉంటాయి. మూతి బిగించారుగానీ కళ్లకి టంకం వేయలేదుగా.

నవంబరు వచ్చింది. ఇక దారులు మూసుకుపోతాయి. చలికాలమంతా కారవాన్‌ని ఇక్కడే ఉంచి, బస్సులో కిందికి దిగి, మే నెలలో తిరిగి రావాలని నిర్ణయం. అప్పలస్వామి వచ్చి నడుం మీద చేతులేసుకుని పాఠం మొదలెట్టాడు.

“ఇన్నావా అమ్మా, ఇక్కడ మైనస్ ఇరవై దాకా పడిపోద్ది. నీలు గడ్డకడితే ఉబ్బుతాయి. సోటు లేకపోతే అవే సోటు సేసుకుంటాయి. పైపు, పంపు, గీజరు, ఏదీ మిగల్దు. ఒక్క సుక్క ఉంచినా మే నెల్లో నువ్వొచ్చేసరికి ఇల్లుండదు, డొక్కుంటాది.”

కుముద ముఖం పాలిపోయింది. ఆ ఇల్లు తప్ప వాళ్లకింకో ఇల్లు లేదు. పైగా అది పాడైతే, “మేం ముందే చెప్పాం” అనడానికి ఊరినిండా జనం సిద్ధంగా ఉన్నారు.

రెండు రోజులు యుద్ధం చేశారు. ట్యాంకు కింద మర తిప్పి నీళ్లు వదిలారు. గీజరు ఖాళీ చేశారు. కుళాయిలన్నీ నోళ్లు తెరిచి పెట్టారు. పైపులో మిగిలిన నీటిని గాలి కొట్టి తోసేయడానికి ఫణి సైకిలు పంపు తెచ్చి, “కుమ్మూ, అటు చివర చెయ్యి పెట్టి చూడు, వస్తున్నాయా?” అన్నాడు. ఆమె చెయ్యి బదులు ముఖం పెట్టింది. వచ్చాయి. ఆ చల్లటి నీళ్లు ముఖాన పడగానే ఆమె కేక పెట్టిన తీరుకి కొండ మీద గొర్రెలు కూడా తలెత్తాయి. ఇద్దరూ నవ్వీ నవ్వీ కింద కూర్చున్నారు. పరుపు ఎత్తి నిలబెట్టారు, బ్యాటరీ విప్పి షెడ్డులోకి చేర్చారు, ఫ్రిజ్ తలుపు సందుంచి కట్టారు, చక్రాల పక్కన ఇటుకలు పేర్చి బరువు దించారు. అంట్లు తోమే పీచు పిండారు. ఆవకాయ జాడీ మూత తీసి, అందులో నీళ్లున్నాయా నూనే ఉందా అని చర్చించుకున్నారు.

ఇదంతా నేను గూట్లోంచి ఎంతో దర్జాగా చూస్తున్నాను. అందరికంటే పైన కూర్చున్నవాళ్లకి కంగారు ఉండదు. ఫణి సింకు కింద పడుకుని ఆఖరి చుక్కని గుడ్డతో ఒత్తుతున్నప్పుడు మాత్రం చటుక్కున ఒక సంగతి వెలిగింది. నేను మెడ దాకా నిండి ఉన్నాను. మూత మీద టంకం ఉంది. ఉబ్బడానికి బియ్యపుగింజంత చోటు లేదు. నా గూటి కింద ఉన్నది ఆ ఇంటి వైర్లన్నీ కలిసే పెట్టె. జనవరిలో నేను పగులుతాను. ఏప్రిల్లో కరిగి సరిగ్గా దాని మీద కారతాను. ఇల్లు కాపాడమని నాకు రోజూ దణ్ణం పెడుతున్నారు, ఇల్లు ముంచబోయేది నేనే. వాళ్లిద్దరూ డిగ్రీలు చదివినవాళ్లు, చెంచాలో చుక్కని కూడా వదల్లేదు. నన్ను మాత్రం వదిలేశారు. ఎందుకంటే వాళ్లు నన్ను నీళ్లనుకోలేదు, దేవుడనుకున్నారు.

అరుద్దామంటే నోరు లేదు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నా మౌనం నాకే చిరాకనిపించింది.

బస్సుకి ఇంకా గంట ఉందనగా అప్పలస్వామి ఆఖరి తనిఖీకి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ఒక్కొక్క కుళాయిలో వేలు పెట్టి చూసుకుంటూ నా దగ్గర ఆగాడు.

“ఇదేటమ్మా?”

“కాశీ చెంబండీ. మా అమ్మమ్మ ఇచ్చింది.”

“లోన ఏటున్నాది?”

“గంగ.”

“గంగంటే నీలు కాదేటి?”

“నీళ్లే అనుకోండి... కానీ గంగ కదండీ!”

“గంగమ్మకి సలంటే బయమేటి, ఆవిడ పుట్టిందే మంచులోన. బయమంతా సెంబుకే.” ఆయన నన్ను ఎత్తి ఊపి చూశాడు. చప్పుడు రాలేదు. “గొంతు దాకా ఉన్నాదిది. పేలిపోద్ది.”

“బ్యాగులో పెట్టుకుపోదాంలే కుమ్మూ,” అన్నాడు ఫణి.

“వద్దు,” అంది ఆమె. కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇల్లెక్కడుంటే ఇదక్కడుండాలంది అమ్మమ్మ. దీన్ని తిరిగి అమలాపురం తీసుకెళ్తే, మనది ఇల్లు కాదని నేనే ఒప్పుకున్నట్టు.”

ఫణి అమ్మమ్మకి ఫోన్ కలిపి ఇచ్చాడు. కుముద ఒక్క గుక్కలో అంతా చెప్పి, “మూత విప్పొచ్చా అమ్మమ్మా?” అని అడిగింది.

“నన్నడుగుతావేంటే? నీ ఇంట్లో వస్తువు, నీ ఇష్టం.”

“ఏ ఇంట్లో అమ్మమ్మా?”

“ఎన్నిళ్లున్నాయే నీకు? ఆ చక్రాల కొంపలోనే! గృహప్రవేశం కూడా చెయ్యకుండా కాపురం పెట్టేశారు మహానుభావులు. విప్పి నాలుగు మూలలా చల్లండి.”

కుముద ఫోను పట్టుకునే గెంతింది. కారవాన్ ఇటుకల మీద ఊగింది.

అప్పలస్వామి టంకం కరిగించే రాడ్డు కాల్చి నా మెడకి ఆనించాడు. ఇంతకాలం నేను కాపాడుకున్న గాంభీర్యం “ఉస్” అంటూ అర నిమిషంలో జారిపోయింది. కుముద వేళ్లు ముంచి నాలుగు మూలలా చల్లింది. రెండు రోజులు చెమటోడ్చి ఆరబెట్టిన ఇంట్లో! “అమ్మా, సుక్క! అదిగో, అక్కడో సుక్క!” అంటూ ఆ మాజీ సైనికుడు గుడ్డ పట్టుకుని ఆమె వెనకే పరిగెత్తాడు. ఆమె చల్లడం, ఆయన తుడవడం. ఫణి పొట్ట పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. మిగిలింది పెరట్లోని యాపిల్ చెట్టు మొదట్లో పోసి, నన్ను పొడిగుడ్డతో తుడిచి, గూట్లో బోర్లించి, తలుపు వేసుకుని బస్సెక్కారు.

ఇప్పుడు జనవరి. పైకప్పు మీద రెండడుగుల మంచు. అప్పలస్వామి ఆదివారం ఆదివారం వచ్చి దాన్ని పారతో తోసి, లోపలికొచ్చి కుముదకి వీడియో ఫోన్ చేస్తాడు. ఇవాళా చేశాడు.

“మైనస్ పద్దెనిమిదమ్మా. నీ ఇల్లు నీకున్నాది, ఏటీ కాలేదు.”

“ఫోను ఒకసారి తిప్పండి బాబాయ్ గారూ,” అంది కుముద.

ఆయన తిప్పాడు. నోళ్లు తెరుచుకున్న కుళాయిల్ని, నిలబెట్టిన పరుపుని, పొడిగా ఉన్న వైర్ల పెట్టెని చూసి ఆమె ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పలకరించింది. గూటి దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి ఫణి, “అదిగో, మీ దేవుడు తలకిందులుగా ఉన్నాడు” అన్నాడు.

“ష్! పడుకోనివ్వు పాపం,” అందామె.

ఫోను ఆగిపోయింది. తలుపు మూసుకుంది. ఇంత చలిలో నాలో ఒక్క చుక్క లేదు, పరువంటూ పెద్దగా ఏమీ మిగల్లేదు. హాయిగా ఉంది.