టెస్టింగ్ ఫొటోలో గాలి

ఇంటి నుంచే అద్దె ఇళ్ల సైటును పరీక్షించడం నా పని. ఫొటోలు సరిగ్గా ఎక్కుతున్నాయో లేదో చూడటానికి నాలుగేళ్లుగా మా కిటికీ ఫొటోనే వాడుతున్నాను. అందులో తెల్ల కర్టెన్ గాలికి తెరచాపలా పొంగి, గదినంతా ఎటో తీసుకుపోతున్నట్టు ఉంటుంది. దాన్ని కుదించాను, సాగదీశాను, కావాలనే పాడుచేసి కూడా ఎక్కించాను. నిన్న మాత్రం పరీక్షయ్యాక తీసెయ్యడం మరిచిపోయాను. పొద్దున్నకల్లా అద్దెకే లేని ఇంటిని వందమంది అడిగారు.

"బుర్ర ఎక్కడ పెట్టుకున్నావమ్మా? ముందా ఫొటో తీసెయ్," అని ఫోన్లో మేనేజరు చీవాట్లు పెట్టాడు.

తీసేస్తూ ఒకావిడ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "ఆ గాలి రోజూ వస్తుందాండీ?"

అమ్మను అడిగాను.

"నాకేం తెలుసే? స్క్రీన్ మీద వెలుగు పడుతోందని, ఉద్యోగంలో చేరిన రోజే ఆ కిటికీ మూయించావుగా," అంది.